అమ్మ కేసుకి లాయర్ని వెతుక్కున్న సంగతి

2022 జనవరిలో మా అమ్మకి ఖమ్మంలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో గాల్ బ్లాడర్ ఆపరేషన్ జరిగింది. రాళ్ళున్నాయి, తీసేస్తే సరిపోతుంది, కడుపు కోసే పని కూడా లేదు, చిన్న చిన్న రంధ్రాలతో అయిపోతుంది, మూడో రోజు ఇంటికెళ్ళిపోవచ్చు అన్నారు. అన్నట్టే మూడో రోజు పంపించేశారు. అప్పటికే అమ్మ కడుపు ఉబ్బి ఉంది, నొప్పి తగ్గలేదు. అడిగితే, ఆపరేషన్ కోసం లోపల నింపిన గ్యాస్ అది, నాలుగు రోజుల్లో అదే పోతుందన్నారు. వారం తిరక్కుండానే కళ్ళు పచ్చబడ్డాయి. హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడ స్కాన్ చేసి, కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం దిగే ప్రధాన నాళమే దెబ్బతిందని, ఒకచోట దాని మీదే క్లిప్పు పడిందని, పైత్యం కడుపులోకి కారుతోందని చెప్పారు. ముందు గొట్టం వేసి ఆ పైత్యమంతా బయటికి తీశారు. ఇన్ఫెక్షన్ తగ్గాక, కొన్ని వారాలకి పెద్ద ఆపరేషన్ చేసి పేగుని పైకి తెచ్చి కాలేయం దగ్గరి నాళానికి కలిపారు. అమ్మ బతికి బయటపడింది. బంగారం బ్యాంకులోకి వెళ్ళింది.

ఆ తర్వాత లాయర్ కోసం తిరిగిన తిరుగుడు గురించే ఇక్కడ రాస్తున్నాను. మా సంగతి తెలిసి, ఇలాంటిదే తమకీ జరిగిందని అడగడానికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అందరిదీ ఒకటే మొదటి ప్రశ్న: "మంచి లాయరు ఎవరున్నారు?" పేరు చెప్పేకంటే మేము ఏం చూసి ఎంచుకున్నామో చెప్తేనే వాళ్ళకి ఎక్కువ పనికొస్తుందని నాకనిపిస్తుంది.

మొదట మా మేనమామ తనకి బాగా తెలిసిన లాయరు దగ్గరికి తీసుకెళ్ళాడు. భూమి తగాదాల్లో పెద్ద పేరున్నాయన. మేము చెప్పింది రెండు నిమిషాలు విన్నారు. "పోలీస్ స్టేషన్లో కంప్లయింట్ పడెయ్యండి. ఎఫ్ఐఆర్ అయితే డాక్టరే మీ గుమ్మం ముందుకొస్తాడు, రాజీ నేను చూసుకుంటాను" అన్నారు. మా చేతిలో ఫైలు ఉంది. దాన్ని ఆయన ముట్టుకోలేదు. మా అన్నయ్య ఉత్సాహపడ్డాడు గానీ నాకు ఎందుకో మనసు ఒప్పలేదు. తర్వాత తెలిసింది ఏమిటంటే, డాక్టర్ల మీద క్రిమినల్ కేసు అంత తేలిగ్గా నిలవదు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది: మామూలు నిర్లక్ష్యం చాలదు, చాలా తీవ్రమైన నిర్లక్ష్యం అయ్యుండాలి, ఇంకో డాక్టరు, అదీ వీలైతే ప్రభుత్వ డాక్టరు, నిష్పాక్షికంగా ఇచ్చిన అభిప్రాయం తీసుకున్నాకే పోలీసులు ముందుకెళ్ళాలి, మామూలు కేసుల్లోలా వెంటనే అరెస్టు చెయ్యకూడదు. అంటే ఆ లాయరుగారు చెప్పింది భయపెట్టి డబ్బు రాబట్టే దారి. అమ్మకి అది ఇష్టం లేదు కూడా.

రెండో ఆయన ఊళ్ళో ఫ్లెక్సీలు కట్టించుకునేంత హడావిడి మనిషి. "ముందు పైసా ఇవ్వక్కర్లేదు. వచ్చినదాంట్లో ముప్పై శాతం నాది" అన్నారు. డబ్బులన్నీ హాస్పిటల్‌కి పోసి ఉన్న ఇంటికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో చెప్పలేను. డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుక్కి ఫోన్ చేస్తే, అమెరికాలో ఇలాంటి కేసులు అలాగే నడుస్తాయి, ఖర్చులు కూడా లాయరే పెట్టుకుని గెలిస్తే మూడో వంతు దాకా తీసుకుంటాడు, తప్పేముంది అన్నాడు. అక్కడ తప్పు లేదు. ఇక్కడ లాయర్లని నియంత్రించే బార్ కౌన్సిల్ నియమాలే ఒప్పుకోవు: కేసు ఫలితం మీద ఆధారపడే ఫీజు మాట్లాడుకోకూడదు, వచ్చే సొమ్ములో వాటా పెట్టుకోకూడదు. రాసివ్వడానికి వీల్లేని ఒప్పందం మీద మూడు నాలుగేళ్ళ కేసు ఎలా నడుస్తుంది? రేపు హాస్పిటల్ వాళ్ళు ఎంతో కొంత ఇస్తామంటే, తన వాటా త్వరగా చేతికొచ్చే దారినే ఆయన చూడడని ఏమిటి నమ్మకం? అక్కడితో ఆయన్ని వదిలేశాం.

మూడో లాయరుగారి గురించి మంచి మాటే చెప్పాలి. కన్జ్యూమర్ కేసుల్లో అనుభవమున్నాయన. మేము హాస్పిటల్ పేరు చెప్పగానే చెయ్యి అడ్డం పెట్టి, "ఇంక వివరాలు చెప్పొద్దమ్మా. డాక్టర్లకి పాలసీలిచ్చే ఇన్సూరెన్స్ కంపెనీ ఒకదానికి నేను ప్యానెల్ లాయర్ని. రేపు మీ కేసులో అటువైపు నేనే రావలసి రావచ్చు" అన్నారు. నాకు అప్పటిదాకా తెలియదు, డాక్టర్లు, హాస్పిటళ్ళు ఇలాంటి కేసుల కోసమే ఇన్సూరెన్స్ తీసుకుంటారని, కేసు పడితే ఆ కంపెనీ కూడా ప్రతివాదిగా వస్తుందని. చిన్న ఊళ్ళలో ఇది చాలా పెద్ద విషయం. ఉన్న నలుగురు మంచి లాయర్లలో ఎవరో ఒకరు ఏదో హాస్పిటల్‌కో, కంపెనీకో పనిచేస్తూనే ఉంటారు. కాబట్టి ఎవరి దగ్గరికెళ్ళినా కథంతా చెప్పకముందే అడగాల్సిన ప్రశ్న: ఆ హాస్పిటల్‌తో గానీ, ఆ డాక్టరుతో గానీ, వాళ్ళ ఇన్సూరెన్స్ కంపెనీతో గానీ మీకు సంబంధం ఉందా? ఆ పెద్దమనిషే మాకు ఇంకొకరి పేరు చెప్పారు.

ఆయన పేరు చెప్పిన ఆ నాలుగో ఆయనే చివరికి మా లాయరు అయ్యారు. ఆఫీసు రెండు గదులు, ఒక జూనియర్ అమ్మాయి, గుమాస్తా. మేము మొదలుపెట్టబోతే, "కేస్ షీట్ తెచ్చారా?" అన్నారు. డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చాం. "ఇది వాళ్ళు మీకు చెప్పదలుచుకున్నది. నాకు కావలసింది లోపల రాసుకున్నది" అన్నారు.

ఇది అందరికీ తెలియాల్సిన విషయం. మన చేతికిచ్చే డిశ్చార్జ్ సమ్మరీ రెండు మూడు పేజీలు. హాస్పిటల్లో ఉండే కేస్ షీట్ డెబ్బై ఎనభై పేజీలు ఉంటుంది: డాక్టర్ల రోజువారీ నోట్స్, నర్సుల నోట్స్, మత్తు డాక్టరు రాసింది, ఆపరేషన్ నోట్స్, మందుల చార్టు, టెంపరేచర్ చార్టు, ల్యాబు రిపోర్టులు, మనం సంతకాలు పెట్టిన కాగితాలు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్ళు దాచాలి. రోగి గానీ, రోగి తరఫున అధికారమున్నవాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో కాపీలు ఇవ్వాలి. లాయరుగారు ఆ నిబంధన ప్రస్తావిస్తూ అమ్మ పేరు మీద ఒక ఉత్తరం రాయించారు. తన లెటర్‌హెడ్ మీద పంపలేదు. "లాయరు పేరు కనిపిస్తే రికార్డు గదిలో లేటవుతుంది. ముందు మామూలుగా అడగండి" అన్నారు.

మామూలుగా అడిగినా లేటే అయింది. రికార్డులు చూసే అతను సెలవులో ఉన్నాడన్నారు, డాక్టరుగారి సంతకం కావాలన్నారు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసమైతే సమ్మరీ చాలుగా అన్నారు. ఉత్తరం తీసుకున్నట్టు స్టాంపు వెయ్యమంటే వెయ్యలేదు. రిజిస్టర్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్ పెట్టి పంపాం. ఆ అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చాక గానీ కదలిక రాలేదు. 72 గంటలు ఎప్పుడో దాటిపోయాయి. ఆపరేషన్ వీడియో మాత్రం రికార్డు చెయ్యలేదన్నారు.

జూనియర్ అమ్మాయి ప్రతి పేజీకీ పెన్సిల్‌తో నంబరు వేసింది. లాయరుగారు ఆ కట్ట తన దగ్గర పెట్టుకుని కొన్నాళ్ళకి పిలిచారు. అప్పటికి ఫీజు మాట కూడా రాలేదు.

ఆ రోజు టేబుల్ మీద మూడు కాగితాలు వరసగా పెట్టారు. ఒకటి నర్సుల నోట్స్. ఆపరేషన్ అయిన మర్నాటి రాత్రి, నీలం ఇంకు, తొందరలో రాసిన వంకర అక్షరాలు: నొప్పి ఎక్కువగా ఉందంటున్నారు, కడుపు ఉబ్బరం, డ్యూటీ డాక్టరుకి తెలియజేశాం. టైము 2.10. రెండోది డాక్టర్ల ప్రోగ్రెస్ షీటు. ఆ పొద్దున 8 గంటలకి: పేషెంటు బాగుంది, ఇబ్బందులేవీ చెప్పలేదు, ఇంటికి పంపవచ్చు. రాత్రి డ్యూటీ డాక్టరు వచ్చి చూసినట్టు ఒక్క గీత కూడా లేదు. మూడోది ల్యాబు రిపోర్టు. డిశ్చార్జ్ రోజు పొద్దున తీసిన రక్తం. పచ్చకామెర్లని పట్టించే బిలిరుబిన్ 3.8. ఉండాల్సింది ఒకటి, ఒకటింపావు లోపు. డిశ్చార్జ్ సమ్మరీలో ఈ 3.8 లేదు. ఆపరేషన్‌కి ముందు చేసిన 0.7 ఉంది.

"మీ కేసు ఈ మూడు కాగితాల్లో ఉంది" అన్నారు.

ఆ తర్వాత ఆయన చెప్పిన మాటల వల్లే నేను ఆయన్ని పెట్టుకున్నాను. మా అన్నయ్య, "నాళం కోసేశాడు కదండీ, అంతకంటే ఏం కావాలి?" అంటే ఆయన తల అడ్డంగా ఊపారు. "దాని మీదే కేసు నడిపితే ఓడిపోతాం. ఈ ఆపరేషన్లో ఆ నాళానికి దెబ్బ తగలడం పుస్తకాల్లో రాసి ఉన్న ప్రమాదమే. మంచి సర్జన్ల చేతిలోనూ జరుగుతుంది. సగటు నేర్పున్న డాక్టరు తీసుకునే జాగ్రత్త తీసుకున్నాడా లేదా అనే కోర్టు చూస్తుంది. దెబ్బ తగిలిందని రుజువు చేస్తే చాలదు. కానీ తగిలాక రాత్రి నర్సు చెప్పినా రాలేదు, పొద్దున రిపోర్టు వచ్చినా చూడలేదు, చూసినా మీకు చెప్పలేదు. దానికి వాళ్ళ దగ్గర జవాబు లేదు." అంగీకార పత్రం మీద అమ్మ సంతకం కాకుండా అన్నయ్య సంతకం ఉండటం కూడా పట్టుకున్నారు. అమ్మ మెలకువగా ఉంది, చదువుకున్న మనిషి. ఆవిడ అంగీకారం ఆవిడే ఇవ్వాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "ఇది పక్క వాదనగా పెడదాం. దీని మీద మేడ కట్టొద్దు" అన్నారు.

గెలుస్తామా అని అడిగితే గెలుస్తామనలేదు. మొదటి ఇద్దరూ గెలిచేసినట్టే మాట్లాడారు, ఒక్క కాగితం చదవకుండా.

దారులు కూడా ఆయనే విడమర్చారు. హైదరాబాద్‌లోని తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు. వాళ్ళు డాక్టరుని హెచ్చరించగలరు, కొంతకాలం పేరు రిజిస్టరు నుంచి తీసెయ్యగలరు, నష్టపరిహారం మాత్రం ఇప్పించలేరు. సివిల్ కోర్టుకి వెళ్తే అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. మిగిలింది వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవ కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో తేలిపోయింది. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ప్రభుత్వాసుపత్రికి మాత్రం ఇది వర్తించదు. 2019 చట్టం వచ్చాక, మనం అడిగే పరిహారంతో పని లేకుండా హాస్పిటల్‌కి కట్టిన బిల్లుని బట్టే ఏ కమిషన్‌కి వెళ్ళాలో నిర్ణయమవుతుంది. ఇప్పుడు 50 లక్షల దాకా జిల్లా కమిషనే. కట్టింది 5 లక్షల లోపైతే దాఖలు ఫీజు అసలు లేదు. మాది లక్ష లోపు బిల్లు. అన్నిటికంటే ముఖ్యం రెండేళ్ళ గడువు. నాళం సంగతి మాకు తెలిసిన రోజు నుంచి లెక్కపెట్టొచ్చు కదా అంటే, ఆపరేషన్ రోజు నుంచే లెక్కపెట్టుకుందాం, వాదనకి అవకాశం ఇవ్వొద్దన్నారు. ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో ఆ చివరి తేదీ రాయించారు.

అన్నయ్య ఇంకో మాట అడిగాడు: లాయరు లేకుండా మనమే వాదించుకోలేమా? కమిషన్ ముందు చట్టప్రకారం లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్లో కూడా ఫిర్యాదు వెయ్యొచ్చు. లాయరుగారు ఆ ప్రశ్నకి నొచ్చుకోలేదు సరికదా, ప్రశాంత్ ధననక గురించి చెప్పారు. ఇన్ఫోసిస్ ఇంజనీరు. 1990లో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో ఆపరేషన్ అయ్యాక కాళ్ళు పడిపోయాయి. సుప్రీంకోర్టులో చక్రాల కుర్చీలోంచే తన కేసు తనే వాదించుకున్నారు. 2009లో కోర్టు కోటి రూపాయల పరిహారం ఇచ్చింది. వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఆయనంతటి ఓపిక, చదువు అందరికీ ఉండవు. అటువైపు హాస్పిటల్‌కి ఒక లాయరు, ఇన్సూరెన్స్ కంపెనీకి ఇంకో లాయరు ఉంటారని తెలిశాక అమ్మని పక్కన పెట్టుకుని నేను నిలబడగలనని నాకు అనిపించలేదు.

ఫీజు అప్పుడు మాట్లాడాం. మొత్తం 60 వేలు, మూడు విడతలు: వకాలత్ (మా తరఫున వాదించడానికి ఆయనకిచ్చే అధికార పత్రం) మీద సంతకం పెట్టినప్పుడు ఇరవై, సాక్ష్యం అఫిడవిట్లు వేసేటప్పుడు ఇరవై, వాదనలప్పుడు ఇరవై. ఇందులో నోటీసు, ఫిర్యాదు, వాదన అన్నీ కలిసి, జిల్లా కమిషన్ తీర్పు దాకా. నిపుణుడి ఫీజు, జిరాక్సులు, పోస్టు వేరే. అప్పీలు వస్తే అది వేరే. ఇదంతా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. వాయిదాకి ఇంతని తీసుకునే పద్ధతి మా ఊళ్ళో చాలామందికి అలవాటు. నా ఉద్దేశంలో క్లయింటుకి అంతకంటే చేటు ఇంకోటి లేదు. కమిషన్లో సభ్యులు సరిపడా లేక వాయిదా పడ్డా, అటువైపు లాయరు రాక వాయిదా పడ్డా మనమే కట్టాలి. ఇంకో సంగతి, ఫైలుది. కమిషన్ వరండాలో పరిచయమైన ఒకాయన, పాత లాయరు మిగతా ఫీజు ఇస్తే గానీ కాగితాలివ్వనంటున్నాడని చెప్పుకుని బాధపడ్డాడు. ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు పట్టుకుని కూర్చునే హక్కు లాయరుకి లేదని 2000లోనే ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా లాయరుగారు ఒరిజినల్స్ తన దగ్గర అసలు పెట్టుకోలేదు. చూసి, కాపీలు తీసుకుని, అమ్మ చేతికే తిరిగిచ్చారు.

వకాలత్ మీద సంతకం పెట్టే ముందు ఆయన మమ్మల్నిద్దర్నీ బయట కూర్చోబెట్టి అమ్మతో విడిగా మాట్లాడతానన్నారు. ఫిర్యాదుదారు ఆవిడే కదా. తలుపు సగం తెరిచే ఉంది, అమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "డబ్బు కోసం కాదు సార్. నొప్పి అంటే గ్యాస్ అన్నారు. నేనేదో నాటకాలాడుతున్నట్టు చూశారు. తప్పయిందని ఒక్క మాట అంటే చాలు." ఆయన వెంటనే జవాబిచ్చారు: "ఆ మాట కమిషన్ చెప్పించలేదమ్మా. నష్టపరిహారం మాత్రమే ఇప్పిస్తుంది. వాళ్ళు తప్పు లేదనే చివరిదాకా రాస్తారు. మీ గురించి కూడా ఏవేవో రాస్తారు, చెప్పినట్టు మందులు వాడలేదని, ఆలస్యంగా వచ్చారని. అవన్నీ చదివి తట్టుకోగలనంటేనే వేద్దాం." అమ్మ కాసేపు ఆలోచించి వేద్దామంది. నిజంగానే తర్వాత వాళ్ళు రాసింది అదే. ముందే విని ఉండబట్టి అమ్మ కుంగిపోలేదు.

అడిగే మొత్తం దగ్గర అన్నయ్యకీ ఆయనకీ వాదన జరిగింది. అన్నయ్య 50 లక్షలు అన్నాడు. పేపర్లో వచ్చిన ఏదో పెద్ద కేసు చదివాడు. లాయరుగారు బిల్లులు ముందు వేసుకుని కూడారు. హైదరాబాద్ హాస్పిటల్ బిల్లులు, మందులు, ప్రయాణాలు, అమ్మ కుట్టు పని ఆగిపోయినందుకు కొంత, పడ్డ బాధకి కొంత, ముందు ముందు పరీక్షలకి కొంత. 18 లక్షల దగ్గర ఆగారు. బిల్లు లేని ఖర్చు ఒక్కటి రాసినా మిగతావన్నీ అనుమానంగా చూస్తారన్నారు. అంబులెన్సుకి చేత్తో ఇచ్చిన డబ్బుకి కూడా అతని దగ్గర రసీదు రాయించుకొచ్చాం.

అన్నిటికంటే కష్టమైంది డాక్టరు అభిప్రాయం. ఊళ్ళో ఏ సర్జనూ ఇంకో సర్జన్ మీద కాగితం ఇవ్వడు. హైదరాబాద్‌లో అమ్మని బతికించిన డాక్టరు కూడా ఎంతో గౌరవంగానే, "మా సమ్మరీలో ఉన్నదంతా ఉంది, వాడుకోండి, అఫిడవిట్ మాత్రం అడగొద్దు" అన్నారు. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో వి. కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన హైదరాబాద్ కేసే. మలేరియా శాఖలో పనిచేసే అధికారి ఆయన. చలిజ్వరంతో చేర్చిన ఆయన భార్యకి టైఫాయిడ్ అని వైద్యం చేశారు, ఆవిడ చనిపోయింది. చూడగానే తప్పు కనిపించే చోట నిపుణుడు అక్కర్లేదు, చిక్కు కేసుల్లో కావాలి అన్నది దాని సారాంశం. మాది చిక్కు కేసే అని లాయరుగారు మొదటే అన్నారు. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో సర్జరీ ప్రొఫెసరుగా చేసి రిటైరైన ఒకరిని ఆయనే ఒప్పించారు. ఆ డాక్టరుగారు కేస్ షీట్ మొత్తం చదివి రెండు పేజీలు రాశారు. ఒకటో పేజీ మాకు అనుకూలంగా లేదు: నాళానికి దెబ్బ తగలడం తెలిసిన ప్రమాదమే. రెండో పేజీ ఉంది: 3.8 బిలిరుబిన్‌తో, ఉబ్బిన కడుపుతో ఉన్న మనిషిని కనీసం స్కాన్ చెయ్యకుండా పంపకూడదు. ఒకటో పేజీ తీసేయించమని మా అన్నయ్య అన్నాడు. "ఆ పేజీ ఉంటేనే రెండో పేజీని నమ్ముతారు" అన్నారు లాయరుగారు. ఆయన ఎంత సరిగ్గా అన్నారో వాదనలప్పుడు చూశాను. హాస్పిటల్ లాయరు ప్రశ్నావళి పంపి ఎన్ని గుచ్చిగుచ్చి అడిగినా ఆ డాక్టరుగారి మాట చెదరలేదు.

నోటీసు వెళ్ళాక మా వీధి పెద్దమనిషి ఒకరు ఇంటికొచ్చారు. రెండు లక్షలు ఇప్పిస్తాను, సంతకం పెట్టేసి వదిలెయ్యండి, ఊళ్ళో ఉండాల్సినవాళ్ళం అన్నారు. లాయరుగారికి చెప్తే, తీసుకోవాలా వద్దా అన్నది మీ నిర్ణయం, ఏదైనా సరే కాగితం మీద పంపమనండి, అందులో ఏ హక్కులు వదులుకుంటున్నారో చదివి చెప్తాను అన్నారు. కాగితం రాలేదు. కమిషన్లో మధ్యవర్తిత్వం సంగతి కూడా అడిగాం. తీవ్రమైన గాయం, మరణం ఉన్న వైద్య నిర్లక్ష్యం కేసుల్ని అలా పంపకూడదని 2020 నియమాల్లోనే ఉందట.

కేసు 2023లో వేశాం. చట్టంలో మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని ఉంది. కానీ నడిచే తీరు వేరు. ఒకసారి సభ్యుల ఖాళీ, ఒకసారి ఇన్సూరెన్స్ కంపెనీకి నోటీసు అందలేదని. ఒక్క గడువు మాత్రం గట్టిది: ప్రతివాది తన జవాబు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో వెయ్యాలి. అది దాటితే తీసుకోవడానికి కమిషన్‌కి అధికారం లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. హాస్పిటల్ వాళ్ళు అంచుకి వచ్చి వేశారు. మా లాయరుగారు మాత్రం ప్రతి వాయిదాకీ స్వయంగా వెళ్ళారు, వీలుకాని రోజు జూనియర్ అమ్మాయి వెళ్ళింది, సాయంత్రానికి నా ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చేది: ఈ రోజు ఏం జరిగింది, మళ్ళీ ఎప్పుడు. ఎంత చిన్న విషయంలా ఉన్నా, కేసు నడుస్తున్న ఇంట్లో రాత్రి నిద్ర పట్టడానికి ఆ మెసేజే కారణం.

కేసు నడుస్తుండగానే, 2024 మేలో సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది: లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావు. డాక్టరు మీద వెళ్ళగలిగిన కమిషన్‌కి లాయరు మీద వెళ్ళలేం. లాయరు మోసం చేస్తే బార్ కౌన్సిల్‌కో, మామూలు కోర్టుకో పోవాలి. అందుకే వకాలత్ మీద సంతకానికి ముందే ఇంత చూసుకోమని అడగడానికి వచ్చినవాళ్ళకి చెప్తున్నాను.

తీర్పు 2025లో వచ్చింది. ఫిర్యాదుని పాక్షికంగా అంగీకరించారు. నాళం దెబ్బతినడం మాత్రమే నిర్లక్ష్యం కాదన్నారు. రాత్రి నర్సు రాసినదాన్ని పట్టించుకోకపోవడం, రిపోర్టు చేతిలో ఉండగా చెప్పకుండా ఇంటికి పంపడం సేవాలోపమన్నారు. 7 లక్షలు, దాని మీద వడ్డీ, ఖర్చులు. ఆ మూడు కాగితాలూ తీర్పులో ఎగ్జిబిట్ నంబర్లతో సహా ఉన్నాయి. అమ్మకి ఆ పేరా తెలుగులో చెప్పమంటే చెప్పాను. మళ్ళీ చెప్పమంది. "నొప్పి నిజమేనని రాశారుగా" అంది.

హాస్పిటల్ వాళ్ళు 45 రోజుల గడువులో రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు వెళ్ళారు. అప్పీలు వెయ్యాలంటే సగం సొమ్ము ముందు జమ చెయ్యాలి, చేశారు. హైదరాబాద్‌లో వాదించడానికి మా లాయరుగారే అక్కడి ఒకరిని చూపించారు. ఆయన్ని కూడా మొదట అడిగింది ఆ ఇన్సూరెన్స్ కంపెనీ ప్రశ్నే. సంబంధం లేదన్నారు, కేస్ షీట్ అడిగి తీసుకున్నారు, ఫీజు ఎంతో, ఏ దశకి ఎంతో రాసిచ్చారు. కొత్త వకాలత్ మీద అమ్మ సంతకం పెట్టింది. వాదనలు ఇంకా మొదలవ్వాలి.